గురూజీ ‘వాడు’ అయిన వాక్యం

ముందే ఒప్పుకుంటున్నా. ఆ గదిలో ఏం జరిగిందో ఈ కథలో చెప్పను. అది నళినీ సబ్నీస్ తన పుస్తకంలో రాసుకుంది, ఆవిడ నోట వింటేనే మర్యాద. నాకు తెలిసింది ఆ పుస్తకంలో ఒక్క మాట మీద నడిచిన గొడవ.

పుణెలో, సదాశివ్ పేఠ్‌లో ఒక చిన్న ప్రచురణ సంస్థ. మేడ మీద కూర్చుని నళిని ఆఖరి ప్రూఫులు చూస్తోంది. సాయంత్రానికల్లా అచ్చుకి వెళ్ళిపోవాలి. పదహారేళ్ళప్పుడు సంగీతం నేర్పిన గురూజీ తనని చెరిచిన సంగతి కాగితం మీద పెట్టడానికి ఆవిడకి ముప్ఫై ఏళ్ళు పట్టింది. మూడో పేజీలోనే చూపు ఆగిపోయింది.

“ఋజుతా, ఇదేంటే? ‘బాబా నన్ను సైకిల్ మీద క్లాసుకి తీసుకొచ్చారు. పాఠం అయ్యేదాకా వాడు గుమ్మం బయటే నిలబడ్డారు.’ మా నాన్న ఎప్పుడు వాడయ్యాడు?”

ఋజుత అక్కడ ఎడిటరు. కంప్యూటర్లు చదివి, కంపెనీ ఉద్యోగం వదిలేసి పుస్తకాల్లో పడ్డ పిల్ల. నళినిని తాయీ, అంటే అక్కా, అని పిలుస్తుంది. నాలుక కరుచుకుంది.

“గురూజీ కోసం చేశాను తాయీ. ‘ఆయన’ ఉన్న చోటల్లా ‘వాడు’ పెట్టమని మిషన్‌కి చెప్పాను. మీ బాబా ఎవరో దానికేం తెలుసు? గురూజీ దగ్గర క్రియలు కూడా చేత్తో దిద్దాను. మీ నాన్నగారు నా కళ్ళు తప్పించుకున్నారు.”

“పోన్లే. మా నాన్న చచ్చి స్వర్గాన ఉన్నాడు, కోర్టుకెళ్ళడు.”

“బాబాని మార్చేస్తా. కానీ అలాంటి మనిషికి ‘వచ్చారు’, ‘అన్నారు’ ఏంటి తాయీ? టైపు చేస్తుంటే వేళ్ళకే కంపరంగా ఉంది.”

నళిని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“మొదటి పేజీ నుంచే వాడంటే చదివేవాళ్ళు ఏమడుగుతారో చెప్పనా? అలాంటివాడని తెలిసీ ఎందుకెళ్ళావని. మా అత్త అదే అడిగింది. నాకు తెలీదే పిల్లా. గురూజీ వస్తున్నారంటే లేచి నిలబడేదాన్ని. ఆ గదిలో కూడా ‘వద్దండీ’ అనే అన్నాను. నిజమంతా ఆ ‘అండీ’లోనే ఉంది. దాన్ని తీసేస్తే నా పుస్తకం అబద్ధమాడుతుంది.”

ఋజుత మెల్లగా అంది. “సరే, మొత్తం వెనక్కి మారుస్తా. అయితే ఆఖరి అధ్యాయంలో కూడా ఆయనేనా? ఇప్పటికీ లేచి నిలబడతారా?”

ఆ మాట నళినికి సూటిగా తగిలింది. తను రాసిన ప్రతిలో చివరి పుటలోనూ ‘ఆయనే’ ఉన్నాడు. ఎర్ర పెన్ను తీసుకుని మొదటి నుంచి దిద్దడం మొదలుపెట్టింది. వాడు కొట్టేసి ఆయన. గదిలో జరిగింది రాసిన పేజీలు అయిపోయాయి, అక్కడా ఆయనే. తెచ్చిన టీ అలాగే చల్లారిపోయింది.

పుస్తకంలో ఆ గది తర్వాత నాలుగు రోజులకొచ్చిన గురుపూర్ణిమ దగ్గర పెన్ను ఆగింది. ‘అమ్మ కొత్త పరికిణీ కట్టి పంపింది. అందరితోపాటు నేనూ వంగి పాదాలు తాకాను. వాడు నా తల మీద చెయ్యి పెట్టి దీవించాడు.’

ఆ వాక్యాన్ని ఆవిడ నాలుగైదుసార్లు చదివింది. పెన్నుకి మూత పెట్టేసింది.

“ఇక్కణ్ణించి నువ్వు పెట్టింది అలాగే ఉంచు.”

“గదిలో కాదా తాయీ?”

“గదిలో నాకింకా అర్థం కాలేదు. తల మీద ఆ చెయ్యి పడ్డప్పుడు అర్థమైంది.”

పుస్తకం అలాగే అచ్చయింది. మీకూ ఒక ‘ఆయన’ ‘వాడు’ అయిపోయిన క్షణం ఉంటే, అది ఎక్కడో మీకే తెలుస్తుంది. చెప్పాలనిపించినప్పుడు రాయండి. ఒక్క వాక్యమైనా చాలు.