ఓ నెగటివ్, మొయినాబాద్

చేవెళ్లలో నాన్న రామేశ్వర్ హార్డ్‌వేర్ దుకాణంలో గల్లా దగ్గర కూర్చుని ఉండగా స్వప్నికకు ఆ ఫోన్ వచ్చింది.

"అక్కా, మీ వెబ్‌సైట్ల రక్తం ఇచ్చెటోళ్ల కోసం చూస్తున్న. చక్రం తిరుగుతనే ఉన్నది, పేర్లు వస్తలేవు."

అతని పేరు ధనరాజ్. భార్య ఝాన్సీకి మొయినాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో పొద్దున కాన్పు అయింది. బిడ్డ క్షేమమే. తల్లికి మాత్రం రక్తస్రావం ఆగడం లేదు. ఆమెది ఓ నెగటివ్. దవాఖానలో ఉన్నదంతా ఎక్కించేశారు.

"జర ఆగు తమ్మీ, నేను చూస్త," అని స్వప్నిక తన ల్యాప్‌టాప్‌లో 'ఓ నెగటివ్, మొయినాబాద్' అని కొట్టింది. ఆమెకూ చక్రమే తిరిగింది.

ఆ రక్తదాతల వెబ్‌సైట్‌ను ఆమె, ఇంజనీరింగ్‌లో తనతో చదివిన వంశీకృష్ణ కలిసి పెట్టారు. మొదట్లో చుట్టుపక్కల మండలాలవాళ్లే పేర్లిచ్చారు. తర్వాత దొంతన్‌పల్లి యూనివర్సిటీ పిల్లలు చేరారు. టీవీలో చూపించాక రాష్ట్రమంతా చేరింది. పేర్లు లక్షలు దాటాయని ఇద్దరూ మురిసిపోయారు. వెతకడం నెమ్మదించిందని ఎవరైనా అంటే వంశీ ఇంకొంచెం పెద్ద సర్వర్‌కు మార్చేవాడు. కొన్నాళ్లు బాగుండేది.

ఆఫీసులో ఉన్న వంశీకి ఫోన్ చేసింది.

"ఒకేసారి చాలామంది వెతుకుతున్నారు. పేర్లు రానివాళ్లు మళ్లీ మళ్లీ నొక్కుతున్నారు, అన్నీ వరసకట్టి ఆగిపోయాయి. రీస్టార్ట్ చేస్తున్నాను," అన్నాడు.

ఈలోగా స్వప్నిక తనకు తెలిసినవాళ్లకు ఫోన్లు చేసింది. చందనవెల్లి ఫ్యాక్టరీలో పనిచేసే సాయిలుది ఓ నెగటివ్. వెంటనే బండి మీద బయలుదేరాడు గానీ అంత దూరం రావాలి. చివరికి పేజీ తెరుచుకుంది. పైనే హన్మయ్య అనే అతని పేరు ఉంది. ఇల్లు దవాఖాన వెనక గల్లీలో. ఫోన్ చేస్తే తింటున్న పళ్లెం వదిలేసి పరుగున వచ్చాడు.

అతని చేతి నుంచి రక్తం తీస్తుండగానే డాక్టర్ బయటికి వచ్చి ధనరాజ్ భుజం మీద చెయ్యి వేసింది.

ముందే రక్తం అంది ఉంటే ఝాన్సీ బతికేదా అని స్వప్నిక తర్వాత ఆ డాక్టర్‌ను అడిగింది. "చెప్పలేనమ్మా. బతికేదనీ చెప్పలేను, బతికేది కాదనీ చెప్పలేను," అంది డాక్టర్.

మర్నాడు వంశీ సెలవు పెట్టి చేవెళ్ల వచ్చాడు. కారణం దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఊరి పేరు ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారని, చిరునామాలో ఆ అక్షరాలు ఎక్కడున్నా పట్టుకునేలా మొదట్లో అతనే రాశాడు. అందుకని ఎవరు ఏది వెతికినా డేటాబేస్ మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా అన్నీ చదివేది. వందల్లో ఉన్నప్పుడు అది కనురెప్పపాటు. లక్షలయ్యాక అదే శాపమైంది. మండలాన్ని విడిగా పెట్టి, అన్నీ చదవకుండా నేరుగా కావలసిన పేర్ల దగ్గరికే వెళ్లేలా బ్లడ్ గ్రూపుతో కలిపి ఇండెక్స్ కట్టాడు. మళ్లీ 'ఓ నెగటివ్, మొయినాబాద్' అని కొట్టగానే హన్మయ్య పేరు కళ్ల ముందుంది.

"ఇంతేనా?" అంది స్వప్నిక.

"ఇంతే." వంశీ తల ఎత్తలేదు. "సర్వర్ పెంచినప్పుడే చూసుండాల్సింది."

సాయంత్రానికి వెబ్‌సైట్ పైన 'ఇప్పుడు మరింత వేగంగా' అన్న అక్షరాలు కనిపించాయి. వంశీ అలవాటుగా పెట్టాడు. స్వప్నిక చూసి, "తీసెయ్ వంశీ, నీకు దండం పెడత," అంది. తీసేశాడు.

కర్మకాండలు అయ్యాక ఆమె ఒక్కతే ధనరాజ్ ఇంటికి వెళ్లింది. అతను బిడ్డను ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చున్నాడు. తప్పు ఎక్కడ జరిగిందో దాచకుండా చెప్పింది. అతను చివరిదాకా విన్నాడు.

"ఇప్పుడు జల్ది వస్తున్నదా?"

"వస్తున్నది."

"నా ఒక్కనికేనా అక్కా గిట్ల అయింది?"

ఆ మాట ఆమెకు అంతవరకు తట్టనే లేదు. వాకిలి చివరకు వెళ్లి వంశీకి ఫోన్ చేసింది. అతను చూసి చెప్పడానికి కొంతసేపు పట్టింది.

"పేర్లు వచ్చేలోపే పేజీ మూసేసినవాళ్లు చాలామంది ఉన్నారు స్వప్నికా. ఏ గ్రూపు, ఏ ఊరు అన్నంత వరకే తెలుస్తోంది. వాళ్లెవరో తెలీదు. రక్తం ఇంకెక్కడైనా దొరికిందో లేదో, ఏమయ్యారో, ఇక ఎప్పటికీ తెలీదు."

ఆమె తిరిగి గడప దగ్గరికి వచ్చింది. "నీ ఒక్కనికే కాదు తమ్మీ," అంది.

బిడ్డ ఏడుపు అందుకుంటే ధనరాజ్ లేచి భుజాన వేసుకుని ఇంట్లోకి నడిచాడు. అతని తల్లి మాత్రం గోడవారగా నిలబడి స్వప్నికను చూస్తూనే ఉంది.

"ఇగ పో బిడ్డా," అంది చివరికి. "మళ్ల రాకు."