సీటు కింది రాతలు

ముప్ఫై ఏళ్ళుగా కార్ల సీట్లు కుడుతున్నాను గానీ, కారు మీద మోజు నాకెప్పుడూ లేదు. మిఠాయి కొట్టువాడికి తీపి మీద ఆశ ఉండదంటారు, నాదీ అలాంటిదే అనుకునేవాణ్ణి. అయినా నా దగ్గరికి కార్లు రావు, సీట్లే వస్తాయి. ఊళ్ళో పాత కార్లు అమ్మే పెద్ద కార్ల బజారు యజమాని సీట్ల బోల్టులు ఊడదీయించి చిన్న ట్రాలీ బండిలో పంపిస్తాడు. దాంతోపాటు ఒక చీటీ ఉంటుంది: కొన్నవారు ఎవరు, ఏ రంగు లెదరు కావాలి. పాత తొడుగు విప్పి, కొత్తది కుట్టి తిప్పి పంపిస్తాను. అవి ఏ కారులోకి వెళ్తాయో ఒక్కనాడూ చూసిన పాపాన పోలేదు.

ఈ పని మా నాన్న నేర్పాడు. పనితోపాటు ఒక అలవాటు కూడా అంటగట్టాడు. లెదరు తొడుగు కింద, స్పాంజి మీద ఒక కోరాగుడ్డ పరుస్తాం. ఆ గుడ్డ మీద పెన్సిలుతో నెల, సంవత్సరం, ఎవరి కోసం ఏ రంగు కుట్టామో రాయాలి. "మన పని మీద అందరూ కూర్చుంటారు గానీ ఎవడూ చూడడురా. కనీసం విప్పినవాడికైనా తెలియాలి" అనేవాడు. విప్పేది మళ్ళీ మేమే కాబట్టి, మా రాత మేమే చదువుకోవడం తప్ప దానివల్ల ఒరిగిందేమీ లేదు.

ఆయన ఆసుపత్రి ఖర్చులకే పదకొండేళ్ళ కిందట ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టాం. నాన్న దక్కలేదు, అప్పు దక్కింది. మా ఆవిడ ముందుగదిలో మిషను వేసుకుని ఇళ్ళకి కర్టెన్లు కుట్టడం మొదలుపెట్టింది. నా చొక్కా కాలరు చిరిగితే తిప్పి కుట్టేది. తిప్పిందీ చిరిగితే ఆ చొక్కా దిండు గలేబు అయ్యేది. అలా లాక్కొచ్చి లాక్కొచ్చి ఇక ఒకే ఒక్క కిస్తీ మిగిలింది, పెద్దది. ఆ డబ్బూ కూడబెట్టేశాం. నెలాఖరుకి కడితే కాగితాలు మా చేతికొస్తాయి, కట్టకపోతే ఇల్లు వేలానికి వెళ్తుంది. ఇప్పటికే రెండుసార్లు గడువిచ్చామనీ, ఇక ఇచ్చేది లేదనీ బ్యాంకువాళ్ళు మొహం మీదే చెప్పారు.

సరిగ్గా అప్పుడే నా బుద్ధి గడ్డి తింది.

రావలసిన కూలి అడగడానికి ఆ రోజు కార్ల బజారుకి వెళ్ళాను. యజమానిని అందరూ నవ్వుల సారు అంటారు. నిద్రలో కూడా నవ్వుతాడని వాళ్ళావిడే చెప్పిందట. ఆయన ఫోనులో ఉంటే, నేను షెడ్డులో అటూ ఇటూ తిరుగుతూ ఒక కారు ముందు నిలబడిపోయాను.

నలుపో నీలమో చెప్పలేని రంగు. రేకుల సందుల్లోంచి పడిన ఎండ దాని మీద నిలవలేక జారిపోతోంది. నా మొహం అందులో కనిపించింది, అద్దంలో ఏనాడూ కనిపించనంత మర్యాదగా. తలుపు పట్టుకుంటే తనంతట తానే వచ్చినట్టు వచ్చింది. ఏం చేస్తున్నానో తెలియకుండానే చెప్పులు కింద విప్పి ఎక్కి కూర్చున్నాను. తలుపు వేశాను. బజారు రొదంతా ఎవరో మూటగట్టి పక్కన పెట్టేసినట్టు ఆగిపోయింది.

ఇక ఆ సీటు. ఎర్ర లెదరు. నడుము ఆనేచోట, ముప్ఫై ఏళ్ళుగా నా చేతికి రావాలని తపించిన వంపు అక్కడుంది. కుట్టు మీద వేలు పెట్టి చివరిదాకా నడిపించాను. ఒక్క పోగు తప్పలేదు. ఇది కుట్టిన చేతులు ఎవరివో గానీ, దణ్ణం పెట్టాలి అనుకున్నాను.

"మేస్త్రీ, ఈ కారు నీకోసమే పుట్టినట్టుంది" అన్నాడు నవ్వుల సారు, కిటికీలోంచి వంగి. "సగం ఇప్పుడిచ్చి తీసుకెళ్ళు. మిగతాది నెలనెలా ఇద్దువుగాని. నీకు కాబట్టి చెప్తున్నా."

"అంత డబ్బు నా దగ్గరెక్కడుంది సార్" అన్నాను. ఎక్కడుందో నాకు బాగా తెలుసు.

మర్నాడు వెళ్ళి చివరి కిస్తీకి దాచిన డబ్బు మొత్తం తీసి ఆయన చేతిలో పోశాను. బ్యాంకుకి ఎక్కడో ఒకచోట సర్దొచ్చు అనుకున్నాను. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లికి ఎవరూ కనిపించరు కదా.

మా ఆవిడకి మాత్రం, "గిరాకీ కారు, సీట్లు మార్చడానికి ఇంటి దగ్గర పెట్టాను" అని చెప్పాను. ఆవిడ చేతులు రెండుసార్లు తుడుచుకుని, వెనక తలుపు తీసి, సీటు అంచు మీద కూర్చుంది. తలుపు వేసుకుంది.

"వీధి చప్పుడే వినపడట్లేదు కదండీ" అంది. "ఇలాంటి దాంట్లో తిరిగేవాళ్ళకి అప్పులనేవే ఉండవేమో."

నేను తేలు కుట్టిన దొంగలా బానెట్టు తుడవడం మొదలుపెట్టాను.

ఎనిమిది రోజులు పొద్దున్నే లేచి దాన్ని తుడిచాను. రోజూ కొత్తగానే ఉండేది. తొమ్మిదో రోజు ఆదివారం. నా సొంత కారుకి పరాయివాడి కుట్టు ఎందుకు, నేనే ఇంతకన్నా గొప్పగా కుడతానని, ఇంటి ముందు డ్రైవరు సీటు ఊడదీసి ఎర్ర తొడుగు చీల్చాను.

కింద కోరాగుడ్డ మీద నాలుగు వరుసలు ఉన్నాయి. నాలుగూ నా చేతిరాతే.

ముందు సంతోషమే వేసింది, ఎందుకు దాచాలి. దణ్ణం పెట్టాలనుకున్న ఆ చేతులు నావే. బల్ల మీద బోర్లా పడున్న సీటును వెయ్యిసార్లు చూశాను గానీ, కారులో ఉండగా దాని మీద కూర్చున్నది అదే మొదటిసారి. ఆ తర్వాత సంవత్సరాలు చూశాను. ఆరేళ్ళలో నలుగురు. ఈ సీట్లు మళ్ళీ మళ్ళీ నా దగ్గరికి రావడం నాకు కొత్త కాదు. డబ్బున్నవాళ్ళు కార్లు మారుస్తారు, మనకి చేతినిండా పని అనుకుని, పాత వరుస కింద కొత్త వరుస ఈల వేసుకుంటూ రాసేవాణ్ణి.

మా ఆవిడ మంచినీళ్ళు తెచ్చి, వంగి, పైకి చదివింది. "కాంట్రాక్టరు గారు, తెలుపు." ఆ మాట మీద వేలు పెట్టింది. "వీళ్ళింటికి కర్టెన్లు నేనే కుట్టాను. పద్నాలుగు కిటికీలు. ఏడాది తిరక్కుండానే ఆవిడ అవన్నీ మడతపెట్టి తెచ్చి, ఇల్లు పోయిందమ్మా, ఎవరికైనా అమ్మిపెట్టు అంది."

"పళ్ళ డాక్టరు, కాఫీ రంగు. ఈయనెవరో నాకు తెలీదు."

"విందుల వంటాయన, నలుపు. వీళ్ళ దగ్గర నాకు ఇంకా డబ్బు రావాలి. అడగడానికి వెళ్తే తలుపుకి బ్యాంకు కాగితం అంటించి ఉంది. తిరిగొచ్చేశాను."

నాలుగో వరుస దగ్గర ఆగింది. "కాలేజీ మేడం, ఎరుపు. ఈవిడ ఇప్పుడు ఒక్క గది అద్దెకి తీసుకుని ఉంటోంది. దానికి కిటికీ కూడా ఒకటే. పాత దుప్పటి కట్టుకుంది."

సీట్లు నాకు తెలుసు, కర్టెన్లు ఆవిడకి తెలుసు. ఒకే ఇంట్లో ఇన్నేళ్ళు కాపురం చేస్తూ, ఆ రెండూ పక్కపక్కన పెట్టి మేమెప్పుడూ చూడలేదు. ఒక్క కారు నెలనెలా వాయిదాలతో ఇన్ని ఇళ్ళు మింగి, ప్రతిసారీ బజారుకే తిరిగి చేరి, ఒంటి మీద గీత కూడా లేకుండా మా గుమ్మంలో మెరుస్తోంది.

"ఐదో వరుసలో ఎవరిని రాస్తారు?" అని అడిగింది.

"నన్నే" అన్నాను.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"తెచ్చిన రోజునుంచే. గిరాకీ కారు మీ దగ్గరికి ఎప్పుడొచ్చింది? అదీగాక చెప్పులు విప్పి ఎక్కారు మీరు."

"మరి అడగలేదేం?"

"మీరే చెప్తారని చూశాను." కొంగు అంచు కాసేపు మడిచింది, విప్పింది. "పైగా మీరు షాపుకి వెళ్ళాక నేనూ రోజూ కాసేపు వెనక సీట్లో కూర్చున్నాను. నాకూ దిగబుద్ధి కాలేదు. అడిగితే దిగాలి కదా."

తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. పదకొండేళ్ళు నా కాలర్లు తిప్పి కుట్టిన మనిషి ముందు సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు ఇద్దరం కార్ల బజారుకి వెళ్ళాం. నవ్వుల సారు నవ్వుతూనే, "తీసుకున్న డబ్బు తిరిగివ్వడం మా దగ్గర లేదు మేస్త్రీ, కాగితంలో రాసే ఉంది, సంతకం కూడా నీదే" అన్నాడు. అదే గదిలో ఎవరో భార్యాభర్తలు మరో కారు బేరమాడుతున్నారు. మా ఆవిడ సంచిలోంచి కోరాగుడ్డ తీసి, గాజు బల్ల మీద పరిచి, కర్టెను ముడతలు సవరించినట్టు సవరించింది. కిటికీ కొలతలు చెప్పే గొంతుతోనే ఒక్కో వరుస చదివి, తనకి తెలిసిన ఒక్కో ఇల్లూ ఏమైందో చెప్పింది. మొదటి వరుసకే అవతలి ఆవిడ లేచి దగ్గరికొచ్చింది. మూడో వరుసకి నవ్వుల సారు నవ్వు ఆగిపోయింది. ఆ మొహం నవ్వకుండా ఎలా ఉంటుందో ఆ రోజే చూశాను.

"ఆ గుడ్డ మడతపెట్టండమ్మా" అన్నాడు.

డబ్బు తిరిగిచ్చాడు, షరతులతో. సీట్లు నా లెదరుతో ఉచితంగా కుట్టివ్వాలి. కొత్త గుడ్డ మీద పిచ్చిరాతలు ఉండకూడదు. ఇక మీదట ఆయన పని నాకు రాదు. నా సంపాదనలో సగం ఆయన దగ్గర్నుంచే వచ్చేది. అయినా సరేనన్నాను.

మూడు రోజులు కూర్చుని కుట్టాను. అంత బాగా ఎప్పుడూ కుట్టలేదు.

నెలాఖరున బ్యాంకులో చివరి కిస్తీ కట్టాం. కాగితాలు చేతికిచ్చారు. నాలుగంటే నాలుగు పల్చటి కాగితాలు. "ఇంతేనా?" అంది మా ఆవిడ ఆశ్చర్యంగా. వాటిని సంచిలో పెట్టుకుని, ఆ సంచిని రెండు చేతులతో గుండెకి ఆనించుకుని నడిచింది.

చౌరస్తా దగ్గర ఆ కారు ఎదురొచ్చింది. ఎవరో కొత్తాయన నడుపుతున్నాడు. పక్కన భార్య, వెనక కిటికీలోంచి రెండు చిన్న తలలు. వీధి వీధంతా పని ఆపి చూస్తోంది.

"ఎంత బాగుందండీ" అంది మా ఆవిడ.

"బాగుంది" అన్నాను. అప్పు తీరినంత మాత్రాన కళ్ళు పోవు.

"కింద గుడ్డ ఖాళీగానే వదిలేశారా?"

"లేదు. రాశాను. సీట్లు కుట్టేవాడు, తొమ్మిది రోజులు అని."

"ఆయన చూడడుగా."

"కూర్చున్నవాడు ఎలా చూస్తాడు?"

మా ఆవిడ ఒక చేత్తో సంచి పట్టుకుని, రోడ్డు అంచుకి దిగి, రెండో చెయ్యి పైకెత్తింది, ఆగమని. ఆయన మమ్మల్ని చూశాడు. కారు అందానికి మతిపోయి చెయ్యి ఊపుతున్నామనుకున్నాడు. సంబరంగా హారను కొట్టి, తనూ చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

ఆయన పూర్తిగా పొరబడ్డాడని కూడా అనలేను. కారు మలుపు తిరిగేదాకా మేమిద్దరం నోళ్ళు తెరుచుకుని చూస్తూనే ఉన్నాం.