ఎనభై నాలుగు పలకలు

"బాబాయ్, ఇవి బాత్రూం టైల్సులా ఉన్నాయి," అంది ఆర్కిటెక్ట్ అమ్మాయి.

అబద్ధమైతే పోట్లాడేవాణ్ణి. నిజంగా అలాగే ఉన్నాయి.

ముప్పై ఏళ్లుగా మోడళ్లు చేస్తున్నాను. ఎవరో కట్టబోయే భవనాన్ని వందో వంతుకు కుదించి, అట్టతోనూ ప్లాస్టిక్ రేకుతోనూ ముందే కట్టి చూపించే పని. ఊరి బడిలో ఏడో తరగతి దగ్గర ఆగినవాణ్ణి. అయినా వందతో భాగించడంలో మా మోడళ్ల షాపులో నాకు సాటి ఎవడూ లేడు. తలుపులు, మెట్లు, కిటికీ ఊచలు, చెట్లు అన్నీ చేశాను. ఈసారి ఒక బడి. దాని డాబా మీద ఎనభై నాలుగు సోలార్ పలకలు, వరుసకు పన్నెండు చొప్పున ఏడు వరుసలు. అసలు పలక నూట డెబ్భై సెంటీమీటర్ల పొడవు, వంద వెడల్పు. నాది పదిహేడు మిల్లీమీటర్లు, పది. బొటనవేలి గోరంత. నీలం కాగితం మీద తెల్ల గీతలు గీసి, మెరుపు పూసి, డాబాకు అంటించేశాను.

"అసలువి ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా?"

"రోడ్డు మీంచి చూశా."

"రోడ్డు మీంచి విమానాన్ని కూడా చూస్తాం బాబాయ్. పక్క వీధిలో నాలుగంతస్తుల మేడ మీద బిగిస్తున్నారు. ఆ బిగించేవాడితో మాట్లాడాను. రేపు పదింటికి రమ్మన్నాడు. మీరు తెలుసట."

"ఎవడు వాడు?"

"వెళ్తే మీకే తెలుస్తుందన్నాడు. శుక్రవారం పొద్దున మోడల్ పంపాలి. అప్పటికి కుదరకపోతే స్టిక్కర్ ప్రింటు తీయించి అతికించేద్దాం. మీరేం బాధపడకండి."

బాధపడొద్దట. ముప్పై ఏళ్ల తర్వాత నా డాబా మీద స్టిక్కర్.

మర్నాడు పదింటికి నాలుగంతస్తులూ ఎక్కాను. పైన పలకల వరుసల మధ్య మోకాళ్ల మీద కూర్చుని బోల్టు బిగిస్తున్నవాడు తలెత్తాడు. నా భార్య తమ్ముడు.

ఆమె పోయి నాలుగేళ్లు. వీడితో నేను మాట్లాడి కూడా అంతే. వీణ్ణి ఎత్తుకుని పెంచింది ఆమె. నలభై దాటినా ఆమెకు వీడు చిన్నోడే. ఆఖరి పూట "చిన్నోడు వచ్చాడా" అని పదకొండుసార్లు అడిగింది. నేను లెక్కపెట్టాను. నేను ఫోన్ చేస్తూనే ఉన్నాను. వీడెక్కడో ఒక డాబా మీద ఇవే పలకలు బిగిస్తున్నాడు, ఫోను కింద వ్యానులో. చివరికి వ్యాను డ్రైవరు ఎత్తి, పైకి కేకేసి చెప్పాడు. చెప్పాక కూడా నలభై నిమిషాలు దిగలేదు. వచ్చేసరికి అంతా అయిపోయింది. అందరి ముందూ అడిగాను, "స్విచ్ కట్టేసి వస్తే నీ సొమ్మేం పోయేది?" అని. తల దించుకున్నాడు గానీ నోరు విప్పలేదు. ఆ రోజు నుంచి వాణ్ణి నా గుమ్మం తొక్కనివ్వలేదు. ఆ కోపం నాకెన్నడూ బరువనిపించలేదు. పొద్దున్నే లేవడానికి నాకు మిగిలింది అదొక్కటే.

ఇప్పుడు దిగిపోతే స్టిక్కర్. ఉంటే వీడు.

"రా బావా," అన్నాడు. "నా సంగతి ఆ అమ్మాయిని నేనే చెప్పొద్దన్నా. తెలిస్తే నువ్వు రావు."

జేబులోంచి స్టీలు స్కేలు తీసి, దగ్గరున్న పలక ముందు కూర్చున్నాను.

అప్పుడు చూశాను దాన్ని.

నేను కూర్చున్న చోటికి అది నల్లగా కనిపించింది. లోతైన బావిలోకి వంగి చూస్తే అడుగున ఉండే నలుపు. కొంచెం పక్కకు జరిగాను. ఆ నలుపులోంచి నీలం తేలింది. ఇంకా జరిగితే పావురం మెడ మీది రంగొకటి వచ్చి, నేను సరిగ్గా చూసేలోపే పోయింది. గడులు లెక్కపెట్టాను. వరుసకు ఆరు, పది వరుసలు. ప్రతి గడికీ నాలుగు మూలలూ కోసి ఉన్నాయి. నాలుగు గడులు కలిసే కూడలిలో ఆ కోతల మధ్య ఒక తెల్లని వజ్రం మిగిలింది. గడుల మీద వెంట్రుక కంటే సన్నని వెండి గీతలు. ముక్కు ఆనేంత దగ్గరికి పోతేగానీ అవి కనిపించలేదు. ఎవరు గీశారో, ఏ చేత్తో గీశారో. ఒక్కటీ వంకర లేదు.

దాంట్లో ఆకాశం ఉంది. ఒక మబ్బు పలక నుంచి పలకకు దాటుతోంది. మధ్యలో వేలెడు సందు దగ్గర తెగి, అవతల మళ్లీ అతుక్కుని పోతోంది. వంగి కిందికి చూశాను. పలక డాబాకు అంటుకుని లేదు. కాళ్ల మీద ఏటవాలుగా నిలబడి ఉంది, కింద చల్లని నీడ. నా టైల్సులకు నీడ లేదు. అందుకే వాటిని ఎవరూ నమ్మలేదు.

చప్పుడు లేదు. తిరిగేది లేదు, కదిలేది లేదు.

"ఇది పనిచేస్తోందా?" అన్నాను.

"నాతోనా బావా, ప్యానెల్‌తోనా?"

"ప్యానెల్‌తో."

"అది చెప్పదులే, నేను చెప్తా." తీగకు మీటరు తగిలించాడు. అంకెలు వచ్చి నిలబడ్డాయి. "చెయ్యి అడ్డం పెట్టి చూడు."

పెట్టాను. నా అరచేతి నీడ మూడు గడుల మీద పడింది. అంకె పడిపోయింది. తీశాను, లేచింది. మళ్లీ పెట్టాను. అరవై రెండేళ్లవాణ్ణి, మండే ఎండలో కూర్చుని ఐదారుసార్లు పెట్టాను, తీశాను. ఎక్కడినుంచో వస్తున్న వెలుగు. అది నా చేతిని కూడా గమనిస్తోంది.

"ఇప్పుడు ఆపు, చూద్దాం," అన్నాను పలకవైపే చూస్తూ.

"ఎక్కడ ఆపను?"

"స్విచ్."

"అది కింద గదిలో ఉంది. కట్టేస్తే కరెంటు ఇంట్లోకి పోదు, అంతే. ఇక్కడున్నది ఇక్కడే ఉంటుంది. ఎండ ఉన్నంతసేపూ తీగ బతికే ఉంటుంది. సూర్యుడికి స్విచ్ పెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు బావా."

నవ్వుతూ మొదలుపెట్టాడు. చివరికొచ్చేసరికి నవ్వు లేదు. ఇద్దరికీ ఒకటే గుర్తొచ్చింది.

"ఆ రోజు ఎన్ని?" అన్నాను.

"ముప్పై ఆరు. అన్నీ కలిపేసి ఉన్నాయి. తీగ ఒక కొస నా చేతిలో, రెండోది కింద గదిలో ఉన్నవాడి చేతిలో. వాడికి నా కేక వినపడదు. నేను అలాగే వదిలేసి దిగితే వాడు మసైపోతాడు. ఒక్కోటీ విడదీసి, మూతలు పెట్టి దిగేసరికి అంతసేపు పట్టింది."

"అప్పుడే చెప్పలేదేం?"

"చెప్తే వినే మొహమా నీది?"

కాదు.

"అయినా ఏం చెప్పను?" అన్నాడు బోల్టు వైపు తిరిగి. "అక్క అడిగింది, నేను లేను. దానికి జవాబేముంది."

లేచి మెట్లు దిగాను. స్కేలు అక్కడే మర్చిపోయాను. ఆ సంగతి షాపుకొచ్చాకే తెలిసింది. కోపం పోలేదు. దాన్ని చూపించడానికి మనిషి దొరకలేదు, అంతే.

పాతవన్నీ పీకి పారేశాను. సన్నని ప్లాస్టిక్ రేకు మీద ముదురు నీలం ఫిల్ము అంటించాను. ఆ ఫిల్ముకు దువ్వెనతో దువ్వినట్టు సన్నటి గీరలుంటాయి. అందుకే పక్కకు జరిగితే రంగు మారుతుంది. సూదితో గడులు గీశాను. తెల్ల రంగు రుద్ది, ఆరకముందే గుడ్డతో తుడిచేశాను. రంగు గీతల్లో మిగిలిపోతుంది. ప్రతి కూడలిలోనూ సూది మొనతో ఒక్క పొడుపు, వజ్రం కోసం. పలకకు నలభై ఐదు వజ్రాలు. అంచుకు వెండి రంగు. కింద స్టీలు తీగ ముక్కలతో కాళ్లు. రెండు రోజులు షాపులోంచి తల బయట పెట్టలేదు.

గురువారం పొద్దున ఎనభై నాలుగూ నిలబడ్డాయి. ట్యూబులైటు కింద వంగి చూశాను. నల్లగా, నీడలతో, నిజంగా ఉన్నాయి. చాలా రోజుల తర్వాత నా చేతుల మీద నాకు గౌరవం కలిగింది.

తొమ్మిదింటికి గుమ్మంలో వాడు, చేతిలో నా స్కేలు.

"సోలార్‌ని చీకట్లో పెట్టుకుని కూర్చున్నావేంటి బావా?" అంటూ నేరుగా కిటికీ దగ్గరికి పోయి తెర లాగేశాడు.

ఎండ మోడల్ మీద పడింది. వాడు చూశాడు.

"బావా, ఈ బడికి ఇద్దరు సూర్యులా?"

కొన్ని పలకలు నల్లగా ఉన్నాయి. మధ్యమధ్య కొన్ని లేత నీలంగా వెలిగిపోతున్నాయి. మాసికలు వేసిన చొక్కాలా ఉంది డాబా. నాకు వెంటనే అర్థమైంది. ముక్క వృథా చేయడం నా వల్ల కాదు. ఫిల్ము చివర మిగిలిన చోట నిలువు పలకల్ని అడ్డంగా కోశాను. కొలతలు సరిపోయాయి, గీరలు మాత్రం అడ్డం తిరిగాయి. ట్యూబులైటు ఆ తేడా చూపించదు. ఎండ ఎవరి మొహమాటానికీ దాచదు. లెక్కపెట్టాను. ముప్పై ఒకటి.

రేపు పొద్దున్నే పంపాలి.

"మేమైతే పెట్టెలోంచి తీయగానే వెనక సుద్దతో బాణం గీస్తాం," అన్నాడు. "ముందు నుంచి చూస్తే అన్నీ ఒకటే. పైకి ఏ వైపో వెనకున్న బాణమే చెప్పాలి."

ముప్పై ఏళ్లలో నేను దేని వెనకవైపూ చూసినవాణ్ణి కాదు.

నేను రమ్మనలేదు, కూర్చోమనలేదు. వాడే స్టూలు లాక్కున్నాడు. పని చోటికి ఫోన్ చేసి ఇవాళ రానని చెప్పేశాడు. ఫిల్ము తిరగేసి, గీరలు ఎటు పోతున్నాయో కళ్లు చిట్లించి చూసి, పెన్సిలుతో వరసగా బాణాలు గీశాడు.

"ఆ పట్టకారు ముట్టుకోకు. గునపాల్లాంటి వేళ్లు నువ్వూనూ," అన్నాను.

"ఎవరితో మాట్లాడేది? ప్యానెల్‌తోనా?"

కాసేపు సూది ఆపాను.

"నీతోనే."

వాడు స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. బాణం గీసిన ముక్క ఒక్కోటీ నా చేతికి అందించాడు. నేను గీశాను, రుద్దాను, తుడిచాను, పొడిచాను. సాయంత్రం ఐదింటికి ముప్పై ఒకటీ వాటి చోట్లకు చేరాయి. ట్యూబులైటు కింద అన్నీ బాగానే ఉన్నాయి. పొద్దునవీ అలాగే కనిపించాయి కదా. తేల్చాల్సింది ఎండ. కిటికీలోకి మళ్లీ రావాలంటే పొద్దున్నే.

శుక్రవారం నేను వెళ్లేసరికి వాడు షాపు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆర్కిటెక్ట్ అమ్మాయి కూడా వచ్చేసింది. తెర తీశాను. మోడల్ కింద తిరిగే పీట ఉంటుంది. దాన్ని రెండు వేళ్లతో మెల్లగా తిప్పాను.

ఎండ డాబా అంచున ఎక్కింది. మొదటి వరుస నలుపు నుంచి నీలమైంది. తర్వాత రెండోది, మూడోది. గాలికి చేను వాలినట్టు ఏడు వరుసలూ ఒక్క అల మీద రంగు మారాయి. పావురం మెడ మెరుపు ఈ కొస నుంచి ఆ కొసకు పాకింది. ఒక్క పలక తప్పలేదు. అది నేను చేసిందని నాకు తెలుసు. అట్ట తెలుసు, జిగురు తెలుసు, ప్రతి సూదిపోటూ తెలుసు. అయినా ఆ కాసేపు అక్కడొక బడి ఉంది. దాని మీద నిజంగా తెల్లవారుతోంది.

ఆ అమ్మాయి కుర్చీ వెతుక్కుని కూర్చుంది. "ఇంకోసారి తిప్పండి బాబాయ్," అంది, గొంతు తగ్గించి. స్టిక్కర్ మాట ఎత్తలేదు.

తిప్పాను. వాడు ముందుకు వంగాడు. మొన్న డాబా మీద నాతో పెట్టించినట్టే, మోడల్ మీద తన చెయ్యి చాపాడు. ఆ పెద్ద అరచేతి నీడలో ఎనభై నాలుగూ ఒక్కసారిగా ఆరిపోయాయి. పిల్లలు ఆడుకునే చోటు, మెట్లు, చెట్లు, అన్నీ ఆ నీడలోకి పోయాయి. వాడు చెయ్యి తీయలేదు. ఆ రోజు ఆర్పలేనిదాన్ని ఇప్పుడు ఎవరికోసం ఆర్పి నిలబడ్డాడో నాకు తెలుసు.

వాడికి ఆమె పెట్టుకున్న పిలుపు ఒకటుంది. నా నోట ఎన్నడూ రాలేదు.

"చెయ్యి తియ్యరా చిన్నోడా," అన్నాను. "ఎండ పడనీ."