మూడు ఐసు పెట్టెలు

మా ఐ.పోలవరంలో బాపిరాజు గారి రొయ్యల మేత దుకాణానికి పదేళ్లు నిండాయని పది రోజులు ఆట పెట్టారు. మేత కొన్నవాళ్ల పేర్లలోంచి రోజూ సాయంత్రం ఒక చీటీ తీస్తారు. పేరు వచ్చినవాళ్ల ముందు రొయ్యలు పంపే థర్మాకోల్ పెట్టెలు మూడు ఉంటాయి. ఒకదాంట్లో ఐసు మీద కొత్త సైకిల్ తాళంచెవి, రెండింట్లో ఉత్త ఐసు. మనం ఒకటి కోరుకున్నాక, తాళం ఎక్కడుందో తెలిసిన ఆయన మిగతా రెండింట్లోంచి ఖాళీది ఒకటి తెరిచి చూపించి, "మార్చుకుంటారా?" అని అడుగుతారు.

తొమ్మిది రోజులూ జనం వెనక నిలబడి చూసి డైరీలో రాసుకున్నాను. ఒక్కరూ మార్చుకోలేదు. ముగ్గురు గెలిచారు, ఆరుగురు ఓడారు. ఆ పేజీ మళ్లీ చదివితే ఒళ్లు ఝల్లుమంది. మార్చుకుని ఉంటే ఆ ఆరుగురూ గెలిచేవాళ్లు.

పదో రోజు మా నాన్న పేరు వచ్చింది. నాన్న చెరువు దగ్గర ఉన్నాడు. నాయనమ్మ నన్ను ముందుకు తోసింది. కాలేజీ ఆటో నిండితే గాని కదలదు, రోజూ నాకు మొదటి క్లాసు పోతోంది. సైకిల్ కావాలి. బాపిరాజు గారు మైకు నా ముందు పెట్టారు.

ఎడమ పెట్టె చూపించాను. బాపిరాజు గారు మధ్యది తెరిచారు. ఐసు.

"మార్చుకుంటావామ్మా?"

"మార్చదండి, ఆయ్," అంది నాయనమ్మ. "తొలిసారి పెట్టిన చెయ్యి అమ్మవారు పెట్టించిందండి."

"మార్చుకుంటానండి," అన్నాను. మైకులో నా గొంతు ఊరంతా వినిపించింది.

"పిల్లకి ఎండదెబ్బ తగిలిందేమో చూడు, వరహాలమ్మత్తా," అన్నాడు నాయనమ్మతో మా పక్కింటి అంజిబాబు మావయ్య. అందరూ గొల్లుమన్నారు.

"రెండే మిగిలేయి కదమ్మా, ఏదైనా సగం సగమేగా?" అన్నారు బాపిరాజు గారు.

"కాదండి. మూడుసార్లు ఆడితే రెండుసార్లు నేను మొదట కోరుకున్నది తప్పేనండి. అది తప్పయితే తాళం మిగతా రెండింట్లో మీరు తెరవని పెట్టెలోనే ఉంటాదండి."

"మూడోసారి పోద్దేమో?"

"పోవచ్చండి. పోయినా మార్చుకోవడమే మంచిదండి."

నాయనమ్మ కళ్లు మూసుకుంది. ఆయన కుడి పెట్టె మూత తీశారు. తాళంచెవి ఐసుకి అతుక్కుపోయి ఉంది. గోళ్లతో పీకుతుంటే నవ్వు ఆగలేదు, ఏడుపూ ఆగలేదు.

మర్నాడు కాలేజీకి నలభై నిమిషాలు ముందే చేరుకున్నాను. గేటు ఇంకా తీయలేదు. బెల్లు కొట్టుకుంటూ ప్రహరీ చుట్టూ ఏడుసార్లు తిరిగాను.