వందన సార్ భార్య

జొన్నపిండి కలపబోతూ వందన మళ్ళీ చేతులు కడుక్కుంది. సబ్బుతో రుద్దింది, చింతపండుతో రుద్దింది, అయినా గోళ్ళ సందుల్లో గులాబీ రంగు పోలేదు. పత్తి విత్తనానికి పట్టించే పురుగుమందు రంగు అది. "నీ చేతి రొట్టె నోట్లె పెట్టుకుంటే మందు వాసనే వస్తుంది పిల్లా," అంది అత్త గంగుబాయి గడప దగ్గర కూర్చుని. అన్నదే గానీ, ఆ మందు కోడలి చేతికి ఎవరు అంటించారో కొడుకును ఏనాడూ అడగలేదు. అడిగితే కొడుకు నొచ్చుకుంటాడు. కోడళ్ళకు నొప్పి ఉండదు కదా.

బోథ్ బజారులో 'వందన సీడ్స్' అని పెద్ద బోర్డు ఉంది. లైసెన్సు కూడా ఆమె పేరు మీదే. సర్కారు బడిలో సైన్సు చెప్పే సంపత్ వ్యాపారం చేయకూడదు గనుక, పెళ్ళయిన ఏడాదికే భార్యతో సంతకాలు పెట్టించాడు. "నీ పేరు బజార్ల పెట్టిన, ఏ మొగడు పెడ్తడు?" అన్నాడు. ఆ రోజు నిజంగానే మురిసిపోయింది, పిచ్చిది. ఆ కొట్టులో కుర్చీ ఎలా ఉంటుందో ఆమెకు ఈనాటికీ తెలియదు. పగలు గుమాస్తా, బడి విడిచాక సంపత్ గల్లాపెట్టె ముందు కూర్చుంటారు. బోర్డు చూసి రైతులు అతన్నే 'వందన సార్' అనడం మొదలుపెట్టారు, ఆ పేరే ఊరంతా స్థిరపడిపోయింది. మరి ఆమె ఏమైంది? సంతకు పోతే, "గామె వందన సార్ భార్య" అని చూపిస్తారు. తన పేరుకు తానే పెళ్ళామై కూర్చుంది. మొదట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు రావడం లేదు.

చాకిరీ మాత్రం ఎవరూ లాక్కోలేదు. ఎండలు ముదిరాక అవతలి రాష్ట్రం నుంచి గోనె సంచుల్లో 'గడ్డిమందు పత్తి' విత్తనం వస్తుంది. చేనంతా గడ్డిమందు కొట్టినా ఈ పత్తి చావదు, గడ్డి మాత్రమే చస్తుంది. దీనికి కొత్తరకం విత్తనాలను పరీక్షించే ఢిల్లీలోని కమిటీ ఇంకా అనుమతి ఇవ్వలేదు, అమ్మితే కేసు. "కమిటీ ఏండ్లకేండ్లు కూసుంటది, గడ్డి కూసుంటదా?" అంటాడు సంపత్. ఆ సంచులు కొట్టుకు పోవు. వంటింట్లోకి, పప్పుడబ్బాల వెనక్కి వస్తాయి. మధ్యాహ్నాలు తలుపు గడియ పెట్టుకుని, ముక్కుకు కొంగు కట్టుకుని, పేరూ ఊరూ లేని ప్యాకెట్లలో ఆ గింజలు నింపేది వందనే. సాయంత్రాలు సంపత్ నలుగురిని అరుగు మీద కూర్చోబెట్టుకుని టీవీ వార్తలు విడమరిచి చెబుతుంటాడు. "మన బియ్యం, మన పసుపు బయటి దేశాలు కొనాల్నంటే గింజ యాడ పుట్టిందో కాగితం ఉండాలె. గందుకే దేశానికి ఒక పాలసీ కావాలె." లోపల వాళ్ళకు చాయ్ వడగడుతూ ఆమె ఆ మాటలు వింటుంది. ఒళ్ళు మండిపోతుంది. అయినా గ్లాసుల్లో చాయ్ సమానంగానే పోస్తుంది.

పోయినేడు వానలు పడ్డాక బాలవ్వ వచ్చింది. ఊళ్ళో చేలల్లో కలుపు తీసి బతికిన మనిషి. ఈ గడ్డిమందు వచ్చాక కలుపుకు పిలిచేవాళ్ళు లేక, కొంత చేను కౌలుకు పట్టి తానూ ఇదే విత్తనం పెట్టింది. సగం మొలవలేదు. "బిల్లుందా?" అని అడిగాడు సంపత్. బిల్లు ఇవ్వకుండా అమ్మింది అతనే. బాలవ్వ అతనితో వాదించలేదు. వంటింటి దాకా వచ్చి వందనతో అంది: "బోర్డు మీద ఆడిపిల్ల పేరుందని నమ్మి కొన్న బిడ్డా." ఆ ప్యాకెట్ వందన చేత్తో కట్టిందే. ఆమెకు మంచినీళ్ళిచ్చి పంపింది, ఇంకేమీ ఇవ్వలేకపోయింది.

ఈ ఏడాది సంచులు దిగగానే మొగుడికి చెప్పి చూసింది. "పట్టుకుంటే కేసు నా పేరు మీదనే గదా అయితది?"

"ఆడోళ్ళ మీద గట్టి కేసులు పెట్టరు. నా నౌకరి పోతే తినుడెట్ల?" అన్నాడు సంపత్ అన్నం కలుపుకుంటూ. అంటే ఇదంతా అతను ఎప్పుడో ఆలోచించి పెట్టుకున్నదే. బజారులో పేరు పెట్టడమంటే ఇదన్నమాట, అనుకుంది. పుట్టింటికి పోదామన్నా ఆ లైసెన్సు వెంటే వస్తుంది.

ఇవాళ ఆ జొన్నరొట్టె ఇంకా పెనం మీద ఉండగానే వాకిట్లో జీపు ఆగింది. వ్యవసాయాధికారి, ఇద్దరు పోలీసులు దిగారు. కొట్టు చూసే వచ్చారు, అక్కడ అంతా బిల్లున్న సరుకే. ఇంట్లో ముందుగది చూశారు, పడకగది చూశారు, దొడ్లో కొట్టం చూశారు. ఒక పోలీసు వంటింటి వైపు అడుగేస్తే గంగుబాయి గడప మీంచి కదలకుండానే, "ఆడోళ్ళు వంట చేస్తుండ్రు బిడ్డా," అంది. అతను మొహమాటపడి వెనక్కి తగ్గాడు. సంపత్‌కు ప్రాణం లేచొచ్చింది. "వందనా, సార్లకు చాయ్," అని కేకేశాడు.

ఆమె చాయ్ తెచ్చేసరికి అధికారి కాగితం రాసి ఉంచాడు. "లైసెన్సు మీ పేరు మీదే కదా మేడమ్. అనుమతి లేని విత్తనం మీ దగ్గర లేదని, తర్వాత దొరికితే పూర్తి బాధ్యత మీదేనని ఇందులో రాశాను. సంతకం చేయండి."

"చేసెయ్. చదువుడెందుకు," అంటూ సంపత్ పెన్ను అందించాడు.

ఆమె చదివింది. తీరిగ్గా, మొత్తం చదివింది. సంతకం పెడితే వీళ్ళు వెళ్ళిపోతారు. తొలకరి పడగానే ప్యాకెట్లు పల్లెలకు పోతాయి, ఇంకో బాలవ్వ మోసపోతుంది, వచ్చే ఎండాకాలం మళ్ళీ తలుపు గడియ పెట్టుకోవాలి. పెట్టకపోతే మళ్ళీ వెతుకుతారు, కేసు తన మీదే, ఠాణా మెట్లు ఎక్కేది తనే. ఎటు తిరిగినా పడేది తనే అయినప్పుడు, ఈ అబద్ధం కూడా తనే ఎందుకు మొయ్యాలి? సంపత్ కళ్ళతోనే తొందర పెడుతున్నాడు.

వందన పెన్నుకు మూత పెట్టి బల్ల మీద ఉంచింది.

"జర ఆగుండ్రి సార్," అంది. "మీరు వంటింట్ల చూడలే."