కొబ్బరిముక్క సాక్ష్యం

కోడూరులో మనవరాలు హిమబిందు ప్రసవించి ఆ రోజుకు నాలుగో రోజు. ఇక్కడ బందరులో నాంచారమ్మకు కూర్చున్న చోట కుదురు లేదు. కంటికి శుక్లం ఆపరేషనై పది రోజులే అయింది. దుమ్ములో బస్సెక్కితే ఒప్పుకోనని డాక్టరుగారు ముందే చెప్పారు. లేకపోతే ఈపాటికి ఆ పసిగుడ్డును కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోస్తూ ఉండేది.

అందుకే కొడుకు వెంకటాద్రి గుడివాడ వెళ్ళి పెద్ద తెర ఉన్న ఫోను కొనుక్కొచ్చాడు. షాపులో నాలుగు ఫోన్లు వరసగా పెట్టి అన్నిట్లోనూ ఒకే చిలక బొమ్మ చూపించారట. ఇందులో ఈక ఈకా లెక్కపెట్టుకోవచ్చట.

పొద్దున్నే వీడియోలో మునిమనవణ్ణి చూపించారు. నాంచారమ్మ నల్ల కళ్ళజోడు తీసి మరీ చూసింది. బిడ్డ మాగిన మామిడిపండులా ఉన్నాడు.

"రత్నం, పిల్లాడు అంత పచ్చగా ఉన్నాడేమే?" అంది కూతురితో.

రత్నకుమారి నవ్వేసింది. ఇప్పుడే నలుగు పెట్టి నీళ్ళు పోశామంది. బాలింత ఒంటి నిండా పసుపే, పక్కలో పడుకున్నవాడికి అంటదా అంది. వెంకటాద్రేమో కొత్త కంటికి రంగులు కొత్తగానే కనిపిస్తాయని డాక్టరుగారన్న మాట గుర్తుచేశాడు. ఎవరి మాట వాళ్ళకు సబబే. ఆవిడకే మింగుడు పడలేదు. తులసికోటలో నీళ్ళు పోసి, ఆ సంగతి మరిచి మళ్ళీ పోసింది. యాభై ఏళ్ళ కిందట గూడూరులో ఆడపడుచు బిడ్డ ఇలాగే పచ్చబడితే, ఎండ తగిలితే అదే పోతుందని ఊరుకున్నారు. పిల్ల దక్కింది గానీ చెవులు దక్కలేదు.

ఏమాటకామాటే, తప్పు తన కంటిదో ఫోనుదో ముందు తేలాలి కదా. పచ్చడికి కొట్టిన కొబ్బరికాయలోంచి ఓ ముక్క తీసి పీట మీద పెట్టింది. ఫోనుతో ఫోటో తీసి, ముక్కను తెర పక్కనే ఆనించింది. చేతిలోది మల్లెపువ్వు, తెరలోది నెయ్యి. రెండింటినీ చూసేది ఒకే కన్ను.

"ఒరే అద్రీ, నీ చిలక సంగతి నాకు తెలీదు గానీ, ఇది కొబ్బరికి కూడా పసుపు పూస్తోందిరా."

వెంకటాద్రి నాలిక కరుచుకున్నాడు. కంటికి చలవగా ఉంటుందని తనే ఏదో నొక్కి పెట్టాడట, దానివల్ల తెర పచ్చబారుతుందట. తీసేశాడు. కొబ్బరి తెల్లబడింది. చూశావా, అంతా ఫోను మాయేనని వాడు నిశ్చింతగా చొక్కా తొడుక్కున్నాడు.

ఫోను అబద్ధమాడినంత మాత్రాన బిడ్డ బాగున్నట్టా? నాంచారమ్మ మళ్ళీ ఫోను చేయించింది. పచ్చదనం కాస్త తగ్గినట్టుంది గానీ పోలేదు. పక్కన తెల్లగుడ్డ పట్టుకోమందామంటే ఆ ఇంట్లో ప్రతి గుడ్డకూ పసుపు మరకే. మీరూ ఓ కొబ్బరిముక్క తెండి, పిల్లాడి కన్ను పక్కన పెట్టండి అంది.

"నిద్రపోతున్నాడే అమ్మా. పాలకు కూడా లేవట్లేదు," అంది రత్నకుమారి.

"పాలకు లేవని నిద్ర నిద్ర కాదే, రెప్ప ఎత్తి చూపించండి," అంది నాంచారమ్మ.

హిమబిందే మెల్లగా బిడ్డ కనురెప్ప ఎత్తింది. పక్కన కొబ్బరి తెల్లగా ఉంది. కంట్లో తెలుపు ఉండాల్సిన చోట పసుపుకొమ్ము అరగదీసినట్టుంది.

"పసుపు ఒంటికి రాస్తారే తల్లీ, కంట్లో రాస్తారా?"

అవతల ఆటో కోసం కేకలు వినిపించాయి. ఫోను పెట్టేశారు.

ఆటోలో అవనిగడ్డ ఆసుపత్రికి తీసుకెళ్ళారని పది గంటలకు తెలిసింది. ఆ తరవాత కబురు లేదు. నాంచారమ్మ వీధి గుమ్మానికీ ఫోనుకూ మధ్య తిరుగుతూనే ఉంది. కోడలిచ్చిన కాఫీ ముట్టకుండానే చల్లారిపోయింది. మూడింటికి ఫోను మోగింది. కామెర్లేనట, బాగా ఎక్కాయట, ఇంకో రోజు ఆగితే కష్టమయ్యేదట, ఇప్పుడు భయం లేదట. దీపాల కింద పడుకోబెట్టారని వీడియోలో చూపించారు.

కళ్ళకు గంతలు కట్టుకుని బిడ్డ నీలంగా మెరిసిపోతున్నాడు.

"ఒరే అద్రీ, ఇది మళ్ళీ పాడైందిరా."

అది నీలం దీపమని, ఆ వెలుగే మందని రత్నకుమారి విడమరిచి చెప్పింది. నాంచారమ్మ అంతా విని, "నీ చెయ్యి వాడి పక్కన పెట్టు," అంది.

కూతురు చెయ్యి పెట్టింది. అదీ నీలంగానే ఉంది.

అప్పుడు కూర్చుని, పొద్దుటి కాఫీ అందుకుంది.