పిల్లి ముట్టని పాలు

ఆ పాల ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉంది. సరుకు ఎంతో బాగుందని మిషన్లు చెప్పినా సరే, ప్రతి విడతలో మొదటి గిన్నె పిల్లికి పోయాలి. అది నాకితేనే లారీ కదులుతుంది. నవ్వకండి, పిల్లి ముట్టని సరుకుని డ్రైవర్లు చచ్చినా ఎక్కించుకోరు. పిల్లి పేరు దొరసాని. దాని బాగోగులు చూసేది సరుకు పరీక్షించే పిన్ని. వరసకి ఎవరికీ పిన్ని కాదు గానీ మేనేజరుతో సహా అందరూ అలాగే పిలుస్తారు.

ఈమధ్య ఫ్యాక్టరీ ఆవుపాలు మానేసి ఓట్స్ పాలకి మారింది. మొదటి విడత దించగానే పిన్ని గిన్నె పెట్టింది. దొరసాని వాసన చూసి, ఏదో కప్పెడుతున్నట్టు గిన్నె చుట్టూ నేల గీరి, వెళ్ళి కిటికీలో కూర్చుంది.

మేనేజరు ఒంటికాలి మీద లేచాడు. ఎక్కణ్ణుంచో ఒక అట్టపెట్టె తెచ్చి బల్లమీద పెట్టాడు.

"సాయంత్రంలోగా ఇది తాగకపోతే ఇందులో పెట్టి ఊరవతల వదిలేయిస్తాను పిన్నీ."

పిన్ని గుండెల్లో రాయి పడింది. తల్లి లేని కూనని దూదితో పాలు పట్టి పెంచిన మనిషి మరి.

"దానికి అర్థమయ్యేలా చెప్పి చూడండి బాబూ" అంది, కాస్త పొద్దు గడుస్తుందని.

ఆ మహానుభావుడు నిజంగానే చెప్పాడు. తెర దించి, ప్రొజెక్టరు పెట్టించి, దొరసానిని ముందు వరసలో కూర్చోబెట్టాడు. ఆవు తేన్పితే భూమి ఎలా వేడెక్కుతుందో, మేతకి ఎంత నేల పోతుందో, ఓట్స్ పాలతో ఆ బెడద ఎంత తగ్గుతుందో పూసగుచ్చినట్టు చెప్పాడు. అన్నీ నిజాలే, పిన్ని కూడా తలూపింది. దొరసాని మాత్రం వెచ్చగా ఉందని వెళ్ళి ప్రొజెక్టరు మీద పడుకుంది. దాని తోక అడ్డొచ్చి తెరమీద భూగోళం సగం మాయమైంది.

"దీనికి పర్యావరణమంటే లెక్కే లేదు" అంటూ మేనేజరు పెట్టె తెరిచాడు.

ఇంకా సిగ్గూ ఎగ్గూ ఏమిటి? పిన్ని నేలమీద కూలబడి దొరసాని గిన్నె ఎత్తి గటగటా తాగేసింది.

"బాగుంది. లారీ తీయండి."

"పిన్ని తాగితే మాకు చాలు" అన్నారు సరుకు కోసం అక్కడే కాచుకున్న డ్రైవర్లు.

మేనేజరు మొహం వెలిగిపోయింది. "ఇంత తేలికా? అయితే రేపట్నుంచి మీరే తాగండి. ఇక పిల్లితో పనేముంది?" అని దొరసానిని ఎత్తి పెట్టెలో కుక్కాడు.

చేజేతులా దాని కొంప ముంచానే అనుకుంది పిన్ని. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆ వెంటనే ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడింది.

"ఆ పాలు బాగోలేవు బాబూ. తడిసిన అట్టముక్క నమిలినట్టుంది."

"ఇప్పుడేగా బాగుందన్నారు?"

"నాకు జీతమిచ్చేది మీరు. మీరేం పోసినా బాగుందనే అంటాను. అది అనదు."

మేనేజరు గిన్నె అడుగున మిగిలినదాన్ని వేలితో తీసి నోట్లో పెట్టుకున్నాడు. మొహం చిట్లించాడు. పెట్టె మూత తీసి, కాచే గదివైపు తిరిగి, మళ్ళీ మొదట్నుంచి కాచమన్నాడు.